మీది కాని డబ్బు ఖాతాలో పడిందా? మీ చేత్తో తిప్పి పంపకండి

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. మా ఆయన హైదరాబాదులో సెంట్రింగ్ పని చేసి నెలనెలా డబ్బు పంపుతారు. కిందటి సోమవారం నా ఖాతాలో 48,500 రూపాయలు పడినట్టు మెసేజి వచ్చింది. మా ఆయన పంపినది కాదు. కాసేపటికే ఒకతను ఫోన్ చేసి, తల్లి ఆపరేషన్‌కు పంపబోయిన డబ్బు ఖాతా నంబరులో ఒక్క అంకె తేడాతో నాకు వచ్చేసిందని ఏడుస్తూ చెప్పి, వేరే నంబరు ఇచ్చి దానికి ఫోన్‌పేలో పంపమన్నాడు. సాయంత్రం ఇంకొకతను బ్యాంకు మేనేజరునంటూ మాట్లాడి, పంపకపోతే ఖాతా ఆపేసి పోలీసు కేసు పెడతామని చెప్పి, వాట్సాప్‌లో ఒక ఫైలు పంపాడు. ఇంటర్ చదివే మా అమ్మాయి దాన్ని తెరిచింది, ఏవేవో అనుమతులు అడుగుతుంటే భయపడి మూసేసింది. వచ్చిన డబ్బు ఉంచుకోమని మా ఆయన, పరాయి సొమ్ము మనకొద్దు వెంటనే ఇచ్చేయమని మా అత్తగారు అంటున్నారు. మా బ్యాంకు పేరు కూడా ఈమధ్య మారింది, దానివల్ల జరిగిన పొరపాటేమో తెలియడం లేదు. పొదుపు సంఘం వాయిదాకు ఈ ఖాతాలోంచే డబ్బు తీయాలి. నన్నేం చేయమంటారు?

– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, ఇంతవరకు మీరు ఎవరికీ పైసా పంపకుండా ఆగి అడగడమే ఈ వ్యవహారంలో జరిగిన అతి మంచి పని. మీ ఆయన చెప్పినట్టు ఆ డబ్బు ఉంచుకోవడం సరికాదు. మీ అత్తగారి మాటలో ధర్మం ఉంది కానీ, ఫోన్లో అడిగినవాడికి ఇచ్చేయడం ధర్మం కాకపోవచ్చు, ఎందుకంటే అడిగినవాడే ఆ డబ్బుకు యజమాని అని మనకు తెలియదు. ఆ డబ్బు నిజంగా వచ్చి ఉంటే, ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే, బ్యాంకు ద్వారానే, కాగితం మీద రాతతో వెళ్లాలి. మీ ఫోన్ నుంచి, మీ పిన్‌తో, వాళ్లు చెప్పిన నంబరుకు వెళ్లకూడదు.

అన్నిటికంటే ముందు డబ్బు నిజంగా పడిందో లేదో చూడండి. మెసేజి వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. బ్యాంకు పంపే మెసేజి సాధారణంగా పది అంకెల మొబైల్ నంబరు నుంచి రాదు, బ్యాంకు పేరును సూచించే ఇంగ్లీషు అక్షరాలతో వస్తుంది. పది అంకెల నంబరు నుంచి వచ్చి ఉంటే దాదాపుగా అది ఎవరో టైపు చేసి పంపిన దొంగ మెసేజి. అక్షరాలతో వచ్చినా దానినే పూర్తిగా నమ్మకుండా, పాస్‌బుక్కు తీసుకుని బ్రాంచికి వెళ్లి ఎంట్రీలు వేయించుకోండి. ఫోన్లోని యాప్‌లో చూడవద్దు. ఆ ఫైలు సంగతి తేలేదాకా ఆ ఫోన్లో బ్యాంకు పని ఏదీ చేయకండి.

పాస్‌బుక్కులో సోమవారం తేదీకి ఎదురుగా ఉన్న వరుసను నిదానంగా చదవండి. యూపీఐ ద్వారా వచ్చిన డబ్బయితే ఆ మూడు అక్షరాలు, జమ అని తెలిపే గుర్తు, తర్వాత 12 అంకెల రిఫరెన్సు నంబరు, చాలాసార్లు పంపినవారి పేరులో కొంత భాగం, వారి బ్యాంకు గుర్తు ఉంటాయి. ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పంపే నెఫ్ట్ పద్ధతిలో వస్తే నెఫ్ట్ అనే మాట, అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవైన నంబరు ఉంటాయి. ఇవేవీ లేకుండా కౌంటరులో జమ చేసినట్టు ఉంటే, వేరొకరి వోచరు మీ నంబరుకు ఎక్కి ఉండవచ్చు. ఫోన్ చేసినవాడు చెప్పిన పేరు, ఊరు, బ్యాంకు ఆ వరుసలో ఉన్నదానితో సరిపోతున్నాయా అన్నది చూసుకోండి కానీ, సరిపోయినా సరే డబ్బు మాత్రం పంపకండి. సోమవారం వరుసే లేకపోతే మీకు డబ్బు రాలేదు. అప్పుడు వాళ్లు అడుగుతున్నది మీ సొంత డబ్బు.

వచ్చినది ప్రభుత్వ పథకం సొమ్మేమో కూడా ఒకసారి చూసుకోవాలి. పీఎం కిసాన్ వాయిదా 2,000 రూపాయలు, 2025 జూన్‌లో తల్లికి వందనం కింద తల్లుల ఖాతాల్లో పడిన 13,000 రూపాయలు వంటివి ఆధార్‌తో ముడిపడిన ఖాతాకు నేరుగా వస్తాయి. మీకు వచ్చిన 48,500 ఆ లెక్కల్లో ఇమిడేలా లేదు. సంఘం అప్పులో మీ వాటా ఏమైనా పడిందేమో సంఘాల లెక్కలు చూసే మీ ఊరి వీఓఏను ఒక్క మాట అడగండి. కాదంటే మిగిలేవి మూడు దారులు.

మొదటిది, ఎవరో నిజంగానే పొరబడి పంపడం. చాలాకాలం నెఫ్ట్ వంటి పద్ధతుల్లో డబ్బు ఖాతా నంబరును బట్టి మాత్రమే జమ అయ్యేది, పేరు సరిచూసే ఏర్పాటు ఉండేది కాదు. పంపబోయే ముందు ఆ ఖాతాదారు పేరును చూపే సదుపాయాన్ని నెఫ్ట్‌కు, పెద్ద మొత్తాలకు వాడే ఆర్‌టీజీఎస్ పద్ధతికి 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పించాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. యూపీఐలో పేరు మొదటినుంచీ కనిపిస్తుంది, తొందరలో చూడకుండా నొక్కేవారు ఉంటూనే ఉంటారు. కాబట్టి నిజమైన పొరపాట్లు ఇప్పటికీ జరుగుతాయి. రెండోది, బ్యాంకు సిబ్బంది ఎంట్రీలో తప్పు. దానిని బ్యాంకే గుర్తించి సరిదిద్దుకుంటుంది, అందుకు మీ పిన్‌తో గానీ ఓటీపీతో గానీ దానికి పనిలేదు.

మూడోదాని గురించే మీరు బాగా తెలుసుకోవాలి. ఎక్కడో ఒకరిని మోసగించి లాగిన డబ్బును దొంగలు తమ సొంత ఖాతాలో వేసుకోరు. వేసుకుంటే దొరికిపోతారు. అందుకని దాన్ని ఏమీ తెలియని ఒకరి ఖాతాలోకి పంపి, ఆ మనిషికి ఫోన్ చేసి, ఏడ్చో బెదిరించో అక్కడినుంచి ఇంకో ఖాతాకు పంపించుకుంటారు. రేపు డబ్బు పోగొట్టుకున్న అసలు మనిషి ఫిర్యాదు చేస్తే, పోలీసులకు కాగితాల మీద కనిపించే మొదటి పేరు మీదే అవుతుంది. ఆయన ఖాతా నుంచి 48,500 మీకు వచ్చింది, మీ నుంచి ఇంకెవరికో వెళ్లింది. మీరు జాలిపడి పంపారని ఆ లెక్కలో ఎక్కడా ఉండదు. ఆ మొత్తం కోసం మీ ఖాతాను ఆపేస్తారు, మీ ఆయన కష్టపడి పంపే డబ్బు కూడా అందులోనే చిక్కుకుంటుంది. దొంగతనం లేని మామూలు పొరపాటులోనూ ఇలాంటి నష్టమే జరగవచ్చు. ఫోన్లో అడిగినవాడికి మీరు పంపేశాక, అసలు పంపినవారు తమ బ్యాంకులో ఫిర్యాదు చేసి ఆ మొత్తాన్ని మీ ఖాతా నుంచి అడిగితే మీరు రెండుసార్లు ఇచ్చుకోవలసి వస్తుంది.

మీకు ఫోన్ చేసినవాడు వేరే నంబరుకు పంపమనడమే నాకు అన్నిటికంటే ఎక్కువ అనుమానం కలిగిస్తోంది. నిజంగా పొరపాటున పంపినవాడికి తన డబ్బు తన ఖాతాకు వస్తే చాలు, వేరే నంబరుతో అతనికి పనేమిటి? పైగా ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పు కొట్టినవాడికి మీ ఫోన్ నంబరు ఎలా తెలిసింది? ఖాతా నంబరును బట్టి ఖాతాదారు ఫోన్ నంబరు బ్యాంకు ఎవరికీ చెప్పదు. ఒకవేళ అతను పొరపాటున మీ ఫోన్ నంబరుకే యూపీఐలో పంపి ఉంటే నంబరు తెలిసి ఉండవచ్చు, కానీ అప్పుడు ఖాతా నంబరులో అంకె తేడా అన్న కథే అబద్ధమవుతుంది.

అయినా అతను నిజమైనవాడే కావచ్చునన్న ఆలోచన మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. తల్లి ఆపరేషన్ అన్నాక ఎవరికి మనసు ఆగుతుంది? మళ్లీ ఫోన్ చేస్తే కోపపడకుండా ఇంత మాత్రం చెప్పండి: “బాబూ, నేను మా బ్యాంకులో కాగితం రాసి ఇచ్చాను. నువ్వు నీ బ్యాంకుకు వెళ్లి ఫిర్యాదు ఇయ్యి. వాళ్లు మా బ్యాంకును అడిగితే నేను వెంటనే ఒప్పుకుంటాను.” పొరపాటున పంపినవారికి నిజంగా ఉన్న దారి అదే. పంపినవారి బ్యాంకు మీ బ్యాంకుకు రాస్తుంది, మీ బ్యాంకు మీ సమ్మతి తీసుకుని డబ్బును అదే ఖాతాకు తిప్పి పంపుతుంది. నిజమైనవాడికి ఈ మాట ధైర్యాన్నిస్తుంది. మోసగాడయితే అరుస్తాడు, తిడతాడు, లేదా మళ్లీ కనిపించడు. ఎక్కువ సంభాషణ పెట్టుకోకండి, ఊరి పేరు, పిల్లల చదువు, ఆధార్ నంబరు వంటివేవీ చెప్పకండి.

ఇక బ్రాంచికి వెళ్లినప్పుడు నోటిమాటగా చెప్పి వచ్చేయకండి. కౌంటరు దగ్గర రద్దీలో “సరేనమ్మా చూస్తాంలే” అంటారు, రేపు ఆ మాటకు సాక్ష్యం ఉండదు. తెల్లకాగితం మీద రెండు ప్రతులు రాయండి. మీ అమ్మాయి చేత ఇలా రాయిస్తే సరిపోతుంది:

“బ్రాంచి మేనేజరు గారికి. నా పొదుపు ఖాతా నంబరు ఫలానా. ఫలానా తేదీన ఈ ఖాతాలో 48,500 రూపాయలు జమ అయినట్టు పాస్‌బుక్కులో ఉంది. రిఫరెన్సు నంబరు ఫలానా. ఈ డబ్బు నాది కాదు, పంపినవారు నాకు తెలియదు. అదే రోజు ఫలానా నంబర్ల నుంచి నాకు ఫోన్లు వచ్చాయి, వేరే నంబరుకు డబ్బు పంపమని అడిగారు, నేను పంపలేదు. విచారించి ఈ మొత్తాన్ని వచ్చిన ఖాతాకే బ్యాంకు ద్వారా తిప్పి పంపవలసిందిగా, అంతవరకు ఈ మొత్తాన్ని మాత్రమే పక్కన ఆపి ఉంచి, మిగతా ఖాతాను నా వాడకానికి వదలవలసిందిగా కోరుతున్నాను.”

ఒక ప్రతి వాళ్లకిచ్చి, రెండో ప్రతి మీద బ్యాంకు ముద్ర, తేదీ, తీసుకున్నవారి సంతకం వేయించుకోండి. ఈ ముద్ర పడిన కాగితాన్ని పాస్‌బుక్కుతో పాటు భద్రంగా దాచండి, ముందుముందు ఎవరు ప్రశ్నించినా మీ నిజాయతీకి అదే ఆధారం. కాగితం తీసుకోబోమని వాళ్లంటే స్పీడ్ పోస్టులో పంపండి. 30 రోజులైనా సమాధానం రాకపోయినా, వచ్చినది న్యాయంగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు. ఎలా చేయాలో 14448 నంబరుకు ఫోన్ చేస్తే చెబుతారు. బ్యాంకు నుంచి ఇంటికి వచ్చే దారిలో మండల పోలీసు స్టేషన్‌లో కూడా ఇదే కాగితం నకలు ఒకటి ఇచ్చి రసీదు అడగండి. ఆడమనిషిగా ఒంటరిగా వెళ్లడం ఇబ్బందనిపిస్తే సంఘం లీడరును తోడు తీసుకెళ్లండి.

సాయంత్రం మాట్లాడిన “మేనేజరు” విషయంలో నాకు ఏ సందేహమూ లేదు, అతను మోసగాడే. బ్యాంకు తన పొరపాటును సరిదిద్దుకోవడానికి ఖాతాదారు చేత ఫోన్‌పేలో డబ్బు పంపించుకోదు, వాట్సాప్‌లో ఫైళ్లు పంపదు. లావాదేవీల గురించి బ్యాంకులు చేసే ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లను వాడాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో ఆదేశించింది. మీ బ్రాంచి వాళ్లే మామూలు నంబరు నుంచి చేశారనిపించినా “నేనే బ్రాంచికి వస్తానండి” అని పెట్టేయండి, నిజమైన మేనేజరు దానికి అభ్యంతరం చెప్పరు. బ్రాంచి నంబరు కావాలంటే పాస్‌బుక్కు మీద ఉన్నదే వాడండి. ఇంటర్నెట్‌లో వెతికితే కస్టమర్ కేర్ పేరుతో దొంగలు పెట్టిన నంబర్లు కూడా దొరుకుతాయి. రేపు పోలీసు దుస్తుల్లో ఎవరైనా వీడియో కాల్‌లో కనిపించి డిజిటల్ అరెస్టు చేశామంటే, మన చట్టాల్లో అలాంటి అరెస్టే లేదని గుర్తుంచుకుని కట్ చేయండి.

మీ అమ్మాయి తెరిచిన ఫైలును తేలిగ్గా తీసుకోవద్దు, అలాగని ఆ పిల్లను కోప్పడనూ వద్దు, అనుమతుల దగ్గర ఆగడం ఆమె తెలివి. ఇలాంటి ఫైళ్లు చాలావరకు ఏపీకే అనే రకానికి, అంటే ఫోన్లో యాప్‌ను ఎక్కించే రకానికి, చెందినవి. ఒకసారి ఫోన్లో ఎక్కి అనుమతి పొందితే మీకొచ్చే మెసేజీలను, అంటే ఓటీపీలను, దొంగల దగ్గరకు చేరవేస్తాయి. అందుకని వెంటనే ఆ ఫోన్లో మొబైల్ డేటా, వైఫై ఆపేయండి. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిచి, సోమవారం తర్వాత వచ్చినది, బ్యాంకు పేరుతో ఉన్నా సరే మీరు ప్లే స్టోరు నుంచి తీసుకోనిది ఏదైనా ఉంటే తీసేయండి. ఇతరులు దూరం నుంచి మీ ఫోన్‌ను నడిపేందుకు వాడే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటివి ఉన్నాయేమో కూడా చూడండి. తీసేయబోతే ఒప్పుకోకపోయినా, అనుమానం మిగిలినా, ఫొటోలు, నంబర్లు దాచుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. ##002# అని డయల్ చేస్తే మీ కాల్స్ ఇంకెవరికైనా మళ్లించి ఉంటే అది రద్దవుతుంది. బ్రాంచికి వెళ్లినప్పుడే ఈ ఫైలు సంగతి కూడా చెప్పి, ఫోన్ శుభ్రమయ్యేదాకా మీ ఖాతాకు యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్ ఆపమనండి. తర్వాత కొత్త పిన్ పెట్టుకోవచ్చు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కరలేదన్న సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి.

ఈ పనులు చేసేలోగా మీ సొంత డబ్బు పోయినట్టు కనిపిస్తే మాత్రం బ్రాంచి తెరిచేదాకా ఆగకండి. ఆ నిమిషమే 1930కు ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు ఖాతా నుంచి ఖాతాకు పరుగులు తీసేలోపు ఆపగలిగితేనే తిరిగి వచ్చే ఆశ ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవారి వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే నష్టం మీ మీద పడదు. మీరే పిన్ గానీ ఓటీపీ గానీ చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మీది, తెలియజేసిన తర్వాత జరిగేది బ్యాంకుది. గంటల తేడా కూడా లెక్కలోకి వచ్చేది అందుకే.

బ్యాంకు పేరు మారడం గురించి అడిగారు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది చాలామందికి ఉన్న గందరగోళమే. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు, వాటిలో మన ఊళ్లకు బాగా తెలిసిన గ్రామీణ వికాస్ బ్యాంకు కూడా, 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఒకటయ్యాయి. ఇలాంటప్పుడు పేరు, బ్రాంచిని గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ వంటివి మారుతుంటాయి. అంతమాత్రాన వేరొకరి 48,500 మీ ఖాతాలోకి వస్తుందని నేను అనుకోను. ఈ గందరగోళం మాత్రం దొంగలకు బాగా పనికొస్తుంది. “బ్యాంకు మారింది కదా, కేవైసీ చేయకపోతే ఖాతా ఆగిపోతుంది” అని ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా ఎవరికి ఫోన్ చేసినా నిజమే కాబోలనిపిస్తుంది. కేవైసీ, అంటే గుర్తింపు కాగితాల తనిఖీ, ఏదైనా బ్రాంచిలోనే చేయించుకోండి.

మీ ఆయనకు ఈ పేరా చదివి వినిపించండి. పొరపాటున అందిన డబ్బును తిరిగి ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతోంది. తనది కాదని తెలిసీ దురుద్దేశంతో వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం. ఊరుగాని ఊరిలో ఇనుము మోసి సంపాదించేవాడికి ఊరికే వచ్చిన డబ్బు మీద ఆశ పుట్టడాన్ని నేను తప్పుపట్టలేను. కానీ ఆ డబ్బు కోసం ఆయన చెమట డబ్బు ఉన్న ఖాతాయే ఆగిపోతే ఆ నష్టం చాలా పెద్దది. అక్కడ పని దగ్గర ఎవరైనా కమీషన్ ఇస్తామని ఆయన ఖాతానో ఏటీఎం కార్డునో అద్దెకు అడిగితే ఎంతమాత్రం ఇవ్వవద్దని కూడా చెప్పండి, దొంగ డబ్బు తిప్పడానికే అడుగుతారు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, ఎక్కడో ఫిర్యాదు నమోదై మీ ఖాతా ఆగిపోవచ్చు. దర్యాప్తులో అనుమానం ఉన్న సొమ్మును ఆపే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత 106వ సెక్షన్ పోలీసులకు ఇస్తోంది. అప్పుడు కంగారుపడి, ఖాతా తెరిపిస్తామని డబ్బు అడిగే మధ్యవర్తులను పట్టుకోవద్దు. ఏ ఊరి పోలీసు స్టేషన్, ఏ ఫిర్యాదు నంబరు, ఎంత మొత్తం అన్నవి బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ముద్ర పడిన మీ కాగితం నకలు జతచేసి ఆ స్టేషన్‌కు స్పీడ్ పోస్టులో పంపి, వివాదంలో ఉన్న మొత్తాన్ని మాత్రమే ఆపి మిగతాది వదలమని కోరండి. అక్కడితో తేలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది, దానికి ఆదాయ పరిమితి కూడా లేదు.

సంఘం వాయిదా విషయానికి వస్తే, మీ ఖాతాలో మీ సొంత డబ్బు ఎంతుందో లెక్క చూసుకుని దానిలోంచి తీసి కట్టండి. నిల్వ మాత్రం ఏ రోజూ 48,500 కంటే తగ్గకూడదు, ఒక్క రూపాయి తగ్గినా ఆ డబ్బు వాడుకున్నారన్న మాటకు చోటిచ్చినట్టవుతుంది. బ్రాంచికి వెళ్లి కౌంటరులో విత్‌డ్రాయల్ ఫారంతో తీసుకోండి, ఈ వారం ఫోన్‌పే వద్దు. మీ ఆయన ఈ నెల పంపవలసిన డబ్బును మేనేజరు నుంచి సమాధానం వచ్చేదాకా ఈ ఖాతాకు పంపకుండా ఆగమనండి. మీ అత్తగారి పింఛను ఖాతా ఏదైనా ఉంటే దానికి పంపమనవచ్చు. వాయిదా రోజుకు అదీ కుదరకపోతే సంఘం సమావేశంలో విషయం ఉన్నదున్నట్టు చెప్పి, లీడరు ద్వారా కొన్ని రోజుల గడువు అడగండి. అలా చెబితే మిగతా సభ్యులకూ ఇలాంటి ఫోన్లు వస్తున్నాయేమో బయటపడుతుంది, వస్తుంటే వాళ్ల నంబర్లు కూడా మీ ఫిర్యాదులో రాయండి.